కాకిబంగారం వెంట గద్వాల దాకా

కిందటి ఏడు వినాయకచవితి వెళ్ళిన వారానికి మా ఇంటికి ఒక రాయి వచ్చింది. తెల్లటి పలుగురాయి. కోడిగుడ్డుకి రెండింతలుంటుంది. చేతిరుమాల్లో చుట్టి తెచ్చి మా టీపాయ్ మీద పెట్టినతను మావారి మేనమామ కొడుకు, వరసకి నాకు మరిది. ఆ రాయికి ఒక పక్క ఆవగింజంతేసి పసుప్పచ్చటి నలుసులు మెరుస్తున్నాయి.

“లైటు కింద పెట్టి సూడు వదినా, నీ మెడలదానికన్న ఏమన్న తక్కువ మెరుస్తున్నదా?” అన్నాడు.

సంగతేమిటంటే, గద్వాల దాటి అయిజ రోడ్డులో ఒక ఊరి పక్కన రెండెకరాల చెలక ఉందట. సర్కారోళ్ళు మిషన్లు తెచ్చి ఆ చుట్టుపక్కల బంగారం కోసం బోర్లు వేసి చూశారట. రేపో మాపో కంపెనీ వస్తుందట. అది వచ్చేలోపు నలుగురు కలిసి ఆ చెలక కొనిపెట్టుకుంటే కోట్లు. ఒక్కో భాగం రెండు లక్షలు. “బయటోళ్ళకు చెప్పుతలేను, మనోళ్ళని చెప్తున్న” అని గొంతు తగ్గించి మరీ చెప్పాడు.

మాది వనపర్తి. మావారు ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తారు. అమ్మాయి పెళ్ళికని నేను నాలుగేళ్ళు కట్టిన చీటీ సరిగ్గా ఆ నెలలోనే చేతికొచ్చింది, నాలుగు లక్షలు. ఆ సంగతి మా మరిదికి ఎలా తెలిసిందో నన్నడక్కండి. చీటీ డబ్బు వాసన చుట్టాలకి తొందరగా తగులుతుంది.

నేను ఒప్పుకునేదాన్ని కాదుగానీ, అదే వారంలో అమెరికా నుంచి మా ఆడపడుచు కొడుకు ఫోను చేశాడు. మావారు మాటల్లో బంగారం సంగతి ఎత్తారు. వాడు నవ్వి, “మా ఆఫీసులో ఒకాయన నిజంగానే కొన్నాడు మామయ్యా” అన్నాడు. అక్కడ 1872లో చేసిన చట్టం ఇప్పటికీ నడుస్తోందట. పడమటి రాష్ట్రాల్లో సర్కారు భూమి మీద, అడవుల్లో, కొండల్లో ఎవరైనా బంగారం కోసం ఇరవై ఎకరాల దాకా హద్దులు పాతి ‘క్లెయిమ్’ అని రాయించుకోవచ్చట. ఏడాదికి 200 డాలర్లు కడుతుంటే ఆ హక్కు నిలుస్తుంది, ఇంకొకరికి అమ్ముకోవచ్చు కూడా. భూమి మాత్రం సర్కారుదే, కింద ఉన్న లోహం తవ్వుకునే హక్కే మనది. ఇల్లు కట్టుకుని కాపురముంటామంటే కుదరదు. “ఆయనకేమన్నా దొరికిందా?” అని నేను ఫోను లాక్కుని అడిగాను. “ఇంతవరకు ముక్కుపుడకకి సరిపడా కూడా లేదత్తా” అన్నాడు. మావారికి ఆ చివరి మాట తప్ప మిగతాదంతా వినపడింది.

“చూడకుండా చీర కూడా కొనం కదా, భూమి కొంటామా? పదండి, చూసొద్దాం” అన్నాను. అలా బయలుదేరింది మా గద్వాల ప్రయాణం.

జొన్నరొట్టెలూ, పల్లికారం, పెరుగన్నం డబ్బాలో సర్దుకుని పొద్దున్నే బస్సెక్కాం. వనపర్తి నుంచి పెబ్బేరు మీదుగా పెద్ద రోడ్డెక్కితే బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతాం. ఎగువన జూరాల గేట్లు ఎత్తారేమో, నీళ్ళు ఎర్రగా, ఒడ్డులొరుసుకుని పోతున్నాయి. బస్సులో ఉన్న ఆడవాళ్ళంతా కిటికీల్లోంచి రూపాయి బిళ్ళలు వేసి బీచుపల్లి ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. ఏమని మొక్కుకున్నానో మావారికి చెప్పలేదు.

దారి పొడుగునా మావారు తను విన్నవన్నీ చెబుతూనే ఉన్నారు. అవన్నీ అబద్ధాలు కావు, అదే చిక్కు. గద్వాల నుంచి కర్నూలు జిల్లా వెల్దుర్తి వైపు ముదురాకుపచ్చ రంగు పాతరాయి ఒక పట్టీలాగా పోతుంది. దాన్ని భూగర్భశాఖవాళ్ళు గద్వాల షిస్టు బెల్టు అంటారు. ఆ పచ్చరాయిని చీల్చుకుని పలుగురాయి చారలు వస్తాయి, ఉంటే బంగారం ఆ చారల చుట్టుపక్కలే ఉంటుంది. ఆ శాఖవాళ్ళు ఈ పట్టీలో వెతికిన మాట నిజమే. అటు రాయచూరు దాటి పోతే హట్టి గనులు. ఒకప్పుడు అది నిజాం రాజ్యంలోదే. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ అని పెట్టిన కంపెనీయే ఇప్పటి హట్టి కంపెనీ, ఈనాటికీ బంగారం తీస్తోంది. అక్కడ పాత గోతుల్లో దొరికిన కట్టెల్ని పరీక్ష చేస్తే దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటివని తేలింది. అంటే కరెంటూ మందుగుండూ లేని రోజుల్లోనే మనవాళ్ళు రాయిని మంటతో కాల్చి, నీళ్ళు కొట్టి పగలగొట్టుకుంటూ దిగారన్నమాట. ఆ పక్కనే మస్కిలో 1915లో బంగారం కోసం తిరుగుతున్న బీడన్ అనే ఇంజనీరుకి బంగారం బదులు అశోకుడి శాసనం కనిపించింది. అశోకుడన్న పేరు స్పష్టంగా ఉన్న శాసనం మొదట దొరికింది అదే. ఇటు కర్నూలు జిల్లా జొన్నగిరిలో 2013లో ఒక ప్రైవేటు కంపెనీకి బంగారం గని లీజు ఇచ్చారు. ఆ జొన్నగిరే అశోకుడి కాలపు సువర్ణగిరి అని కొందరు పండితులంటారు.

“చూశావా, మన చుట్టూతా బంగారమే” అన్నారు మావారు.

“చుట్టూతా ఉంటే మన దేశం ఏటా వందల టన్నులు బయటినుంచి ఎందుకు తెప్పించుకుంటోందండీ?” అన్నాను. మన గనులన్నీ కలిసి ఏడాదికి తీసేది రెండు టన్నుల్లోపే. కోలారు కూడా 2001 ఫిబ్రవరిలో మూతపడింది. ఈ లెక్కలు మా అబ్బాయి పోటీ పరీక్షల పుస్తకంలో చదివాను. ఇంటర్మీడియెట్‌తో ఆగిపోయినా, పిల్లల పుస్తకాలు తిరగేసే అలవాటు నాకు పోలేదు.

గద్వాల బస్టాండులో మా మరిది ఆటోతో తయారుగా ఉన్నాడు. ఊరు దాటగానే రోడ్డుకి రెండు వైపులా పత్తి. మామూలు పత్తి కాదు, సీడు పత్తి. మీరు ఎప్పుడైనా ఆ పని చూశారో లేదో. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గల్ని ఒక్కొక్కటే గోటితో గిల్లి, గుర్తు పెట్టి పోతారు. మర్నాడు పొద్దున్నే మగ మొక్కల పువ్వులు కోసుకొచ్చి ఆ మొగ్గలకి రుద్దుతారు. దీన్ని అక్కడందరూ క్రాసింగ్ అంటారు. ఎకరంలో వేల మొగ్గలు, ప్రతి మొగ్గకీ ఒక చెయ్యి తగలాలి. ఆ చేతులన్నీ ఆడవాళ్ళవే. దేశంలో ఏ మూల రైతో వేసుకునే పత్తి విత్తనం ఇలా గద్వాల ఆడవాళ్ళ గోళ్ళ మీదుగా పోతుంది.

మా మరిది చూపించిన చెలక ఒక చిన్న బోడుగుట్ట పక్కన ఉంది. గట్టంతా తెల్లరాళ్ళు. మావారు వంగి వంగి ఏరి జేబులో వేసుకోవడం మొదలుపెట్టారు. ఎండకి అన్నీ మెరుస్తున్నాయి. నేను రెండు మూడు చూశాను. గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడి వచ్చింది, అభ్రకం. చిన్నప్పుడు మేం బొమ్మలపెళ్ళికి నగలని అతికించిన కాకిబంగారం అదే. కానీ మా ఇంటికొచ్చిన రాయిలో ఉన్నది అలా ఊడలేదు, అందుకని నోరు మూసుకున్నాను.

ఇంతలో పత్తిలోంచి ఒక ముసలామె లేచి వచ్చింది. కొంగు నడుముకి చుట్టుకుని, వేళ్ళకి పసుప్పచ్చటి పుప్పొడి అంటుకుని ఉంది. “ఏం సూస్తున్నరమ్మా, రాళ్ళల్ల?” అంది.

భూమి ఆమెదే. పెనిమిటి పోయి చాలా ఏళ్ళయిందట. ఇందిరమ్మ కాలంలో సర్కారు ఆయనకిచ్చిన లావణి పట్టా అది. ఒక ఎకరం కౌలుకిచ్చి, ఆ కౌలుదారు దగ్గరే కూలికి పూలు దులుపుతోంది. “భూమి అమ్ముతున్నావటగా అవ్వా?” అన్నాను. మా మరిది నా మాటకి అడ్డం రాబోయాడుగానీ ఆమె ఆగలేదు. “అమ్ముడేంది? పదివేలిచ్చి కాయితం మీద ఏలేయించుకున్నరు. బోరు ఏస్తరట, నాకు నెలనెలా పైసలొస్తయట అన్నరు” అంది. మళ్ళీ తనే, “బంగారం ఉన్నదంటున్నరు. ఉంటే ఇన్నేండ్లు నేను పూలెందుకు దులుపుతనమ్మా?” అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ పదివేలు అప్పుకి కట్టేసిందట. కాయితంలో ఏం రాశారో ఆమెకి తెలియదు. మావారు జేబులోని రాళ్ళు ఒక్కొక్కటే కింద పడేయడం చూశాను.

గద్వాలకి తిరిగొచ్చాక నేను పట్టుబట్టి ఔసులాయన దుకాణానికి తీసుకెళ్ళాను. పెద్దాయన, కళ్ళద్దాలకి దారం కట్టుకుని ఉన్నాడు. రాయి చూసి ఏమీ అనలేదు. సూదితో ఒక పసుపు నలుసుని పెకిలించి దాగలి మీద పెట్టి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు. నల్లటి పొడి అయిపోయింది. వాసన చూడమన్నాడు. అగ్గిపుల్ల గీసినట్టు గంధకం వాసన.

“బంగారమైతే దెబ్బకు రేకయితదమ్మా, పొడి గాదు. ఎంత కొడితే అంత సాగుతది. ఇది ఇనుమూ గంధకం కలిసినది” అన్నాడు. ఇంగ్లీషులో పైరైట్ అంటారని తరవాత తెలిసింది. గమ్మత్తేమిటంటే, నిజమైన బంగారపు గనుల్లో కూడా ఇది ఉంటుంది. కాబట్టి ఇది కనిపించినంత మాత్రాన పూర్తిగా లేదనీ చెప్పలేం, ఉందనీ చెప్పలేం. హట్టిలో టన్ను రాయి నలగ్గొట్టి, మందులో కరిగిస్తే వచ్చేది రెండు మూడు గ్రాములట. అది కంటికి కనిపించే మెరుపు కాదు. ఇంట్లో రోటికీ రోకలికీ అయ్యే పని అంతకన్నా కాదు.

ఆయన ఇంకో మాట చెప్పాడు, అది నాకు బాగా నచ్చింది. తన దుకాణం ముందు ఊడ్చిన చెత్తనీ, కాలవలో మట్టినీ పడేయరట. మట్టి కడిగేవాళ్ళు వచ్చి డబ్బిచ్చి కొనుక్కుపోతారు. తట్టలో వేసి నీళ్ళతో గాలిస్తే, ఆకురాయి నుంచి రాలిన పొడి అడుగున నిలుస్తుంది. “మన దిక్కు రొక్కంగ దొరికే బంగారం గదొక్కటేనమ్మా” అన్నాడు. రాయి చూసినందుకు డబ్బులు తీసుకోలేదు.

అప్పటికి మధ్యాహ్నం రెండయింది. కోట చూద్దామని వెళ్ళి, చెన్నకేశవస్వామి గుడి అరుగు మీద కూర్చుని డబ్బా విప్పాం. సోమనాద్రి కట్టించిన మట్టికోట ఇది. లోపల ఇప్పుడు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరున డిగ్రీ కాలేజీ నడుస్తోంది. మా వనపర్తి రాజావారి బంగళాలోనూ 1959 నుంచి పాలిటెక్నిక్ ఉంది. రాజుల బంగారం ఏమైందోగానీ గోడలు మాత్రం పిల్లల చదువుకి పనికొస్తున్నాయి. మా మరిది రొట్టె తినలేదు, పనుందని వెళ్ళిపోయాడు.

గద్వాల దాకా వచ్చి మగ్గం చూడకుండా పోతే ఆడజన్మ ఎందుకు? ఒక నేతగాళ్ళ ఇంట్లోకి వెళ్ళాం. గద్వాల చీరకి ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ వేర్వేరు పడుగులు. నూలు పోగునీ పట్టు పోగునీ అంచు దగ్గర ఒకదాంట్లో ఒకటి లంకె వేస్తూ నెయ్యాలి, అందుకే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. జరీ సూరత్ నుంచి వస్తుంది. అసలు జరీ అంటే పట్టు దారానికి వెండి తీగ చుట్టి, పైన పల్చగా బంగారం పూత. ఆ ఇంటామె జరీ కండె నా చేతిలో పెట్టి, “ఇండ్ల బంగారం ఎంతుంటదంటవక్కా?” అని అడిగి తనే నవ్వింది. వందలో ఒక వంతు కూడా ఉండదట. అయినా ఆ అంచు మెరుపు చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేకపోయాను. అమ్మాయికి మామిడిపిందెల అంచు చీర ఒకటి చెప్పేసి వచ్చాను, అడ్వాన్సు నా పోపులపెట్టె డబ్బే.

రాయి సంగతి తేలిపోయినా మావారికి ఇంకా కొంచెం మిగిలే ఉంది. “రాయి కాకపోతే పోనీ, సర్కారు వెతికింది నిజమేగా. కంపెనీ వస్తే భూమికి ధర రాదా?” అన్నారు. సరే, ఆ తీర్పు మా బాబాయి చెప్తాడని ఆదివారం నాగర్‌కర్నూలు బయలుదేరాం. బిజినేపల్లి మీదుగా గంటన్నర. బాబాయి ముప్పై ఏళ్ళు తాసీల్దారు కచేరీలో పనిచేసి రిటైరయ్యాడు. కేసరి సముద్రం కట్ట మీద పొద్దున నడక, ఆ తరవాత ఊరివాళ్ళ అర్జీలు రాసిపెట్టడం, అదీ ఆయన దినచర్య.

అంతా విని, “లావణి పట్టానా? అయితే కథ అయిపోయినట్టే బిడ్డా” అన్నాడు.

ప్రభుత్వం బీదవాళ్ళకి పంచిన భూమిని అమ్మడానికీ లేదు, కొనడానికీ లేదు. 1977లో వచ్చిన చట్టం అది. కొన్నా చెల్లదు. కొన్నవాళ్ళ చేతిలోంచి తీసి మళ్ళీ పట్టాదారుకే ఇప్పిస్తారు, లేదా సర్కారే వెనక్కి తీసుకుంటుంది. కొన్నవాడి డబ్బు గంగలో కలిసినట్టే, పైగా కొన్నందుకు శిక్ష కూడా రాసి ఉంది. ఇక అడుగునున్న బంగారమంటారా, అది అవ్వదీ కాదు, మనదీ కాదు. 1957 గనుల చట్టం ప్రకారం తవ్వడం సంగతి అటుంచి, వెతకడానికి కూడా లైసెన్సు కావాలి. 2015 నుంచి గనులు వేలంలోనే ఇస్తున్నారు. 2023లో బంగారంతో సహా 29 ఖనిజాలకి అన్వేషణ లైసెన్సని కొత్తగా పెట్టారు, అదీ వేలమే. అందులో పాడేది కంపెనీలు, చీటీ డబ్బున్న ఇల్లాళ్ళు కాదు. కంపెనీ వస్తే పట్టా ఉన్న రైతుకి పైనున్న పంటకీ నేలకీ నష్టపరిహారం దక్కుతుంది, బంగారంలో వాటా కాదు.

“మరి అమెరికాలో…” అన్నారు మావారు.

“అమెరికా చట్టం అమెరికాలో అల్లుడా. మన దగ్గర ‘చిన్న క్లెయిమ్’ అన్న సరుకే లేదు, లేని సరుకు ఎట్ల కొంటవు?” అన్నాడు బాబాయి. తరవాత గొంతు మారింది. “రాళ్ళతోటి పోయింది, నయం. ఈ జిల్లాలోనే 2023 డిసెంబరులో ఒకణ్ణి పట్టుకున్నరు. గుప్తనిధులు తీసిస్తనని నమ్మించి పదకొండు మందిని చంపిండని పోలీసులు చెప్పిన్రు. ఇండ్లకిండ్లు పోయినయి.” పాతరలో నిధి దొరికినా, పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది. అది తెలియక, ఇల్లు తవ్వుకుని అప్పులపాలైనవాళ్ళ అర్జీలు తనే ఎన్నో రాశానన్నాడు. నల్లమలలో యురేనియం వెతుకుతామన్నప్పుడు అమ్రాబాద్ జనమంతా వద్దని లేచిన సంగతి, 2019 సెప్టెంబరులో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసిన సంగతి చెప్పి, “భూమి కింద ఏమున్నదని చూసేటోడు, భూమి మీద ఎవరున్నరని ముందు చూడాలె” అన్నాడు. పిన్ని ఉడకబెట్టిన పల్లీలు తెచ్చి మా ముందు పెట్టి, చట్టాలు చాలించమంది.

నాకు ఆ అవ్వ వేలిముద్ర సంగతే మనసులో తిరుగుతోంది. నా రెండు లక్షలు ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి, ఆమె కాయితం ఎవరి దగ్గరుందో. బాబాయితో అన్నాను. ఆయన అప్పటికప్పుడు తాసీల్దారు పేరున అర్జీ రాశాడు. లావణి పట్టా భూమి మీద తెలియక వేలిముద్ర వేశాననీ, భూమి తన స్వాధీనంలోనే ఉందనీ, అమ్మకం అని ఎవరొచ్చినా ఒప్పుకోవద్దనీ. మర్నాడే మావారు దుకాణానికి సెలవు పెట్టి గద్వాల వెళ్ళారు, ఈసారి నేను చెప్పకుండానే. అవ్వని వెంటబెట్టుకుని కచేరీలో అర్జీ ఇప్పించి, రసీదు ఆమె చేతిలో పెట్టి వచ్చారు. తిరుగు ప్రయాణంలో జూరాల మీదుగా వచ్చి, డ్యాము దగ్గర వేయించిన చేపలు పొట్లం కట్టించుకొచ్చారు. కాయితం రాయించుకున్నవాళ్ళు మొదట బెదిరించారట, రసీదు చూశాక పదివేలు వెనక్కిమ్మన్నారట. ఆ పదివేలు అవ్వ ఎక్కణ్ణుంచి తెస్తుంది? నెలకి వెయ్యి చొప్పున కడతానని ఒప్పందమైంది. అందులో మొదటి మూడు నెలలు మావారు కట్టారు. మా మరిది ఈ ఏడు చవితికి మా ఇంటికి రాలేదు.

చీటీ డబ్బులో కొంత పెట్టి అమ్మాయికి గొలుసు చేయించాం. హాల్‌మార్కు ముద్ర పక్కన ఆరంకెల, అక్షరాల నంబరు ఉందో లేదో నేనే భూతద్దం పెట్టి చూసుకున్నాను. మిగతాది బ్యాంకులో ఉంది. గద్వాల చీర దీపావళికి ముందు వచ్చింది.

ఆ రాయి మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. నిమ్మకాయలు ఊరవేసిన జాడీ మీద మూత కదలకుండా బరువుకి పెట్టాను. పొద్దున వంటింటి కిటికీలోంచి ఎండ పడగానే మెరుస్తుంది. మావారు కాఫీ తాగుతూ ఒక్కోసారి దానికేసి చూసి, నేను చూస్తున్నానని తెలిసి పేపరు అడ్డం పెట్టుకుంటారు.